మావటి బొటనవేలు

ఆ పొద్దు కూడా కుంభగిరి కోట మీద సూర్యుడు వేళకే పొడిచాడు. ఇవాళ నేను పొడవను అనడానికి ఆయనకు వీల్లేదు కదా పాపం. ఆ వీలు మనుషులకే ఉంది. ఉండబట్టే ఏనుగుల సాలలో మావటి మాచన తెల్లవారింది మొదలు మోకాళ్ల మధ్య తల పెట్టుకొని కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నానికి వాడి ఏనుగు ఒక ముసలమ్మను తొక్కాలి. తొక్కకపోతే వాడి కన్నకూతురు ప్రాణం పోతుంది.

ఇదంతా ఎలా వచ్చిపడిందో ముందు చెప్పాలి. చెప్పకపోతే మాచన మీద మీకు వట్టి కోపమే వస్తుంది. కోపం రావలసిందే, నేను కాదనను. కాని కోపం ఒక్కటే వచ్చిందంటే నేను కథ సరిగ్గా చెప్పనట్టు.

కుంభగిరిని ఏలిన ముసలిరాజుకు లేక లేక ఒక మగబిడ్డ కలిగాడు. కలిగిన తొమ్మిదోనాడు ఆ పసివాడి దవడలు బిగుసుకుపోయి, ఒళ్లు విల్లులా వంగి, ప్రాణం పోయింది. దైవం ఇచ్చినట్టే ఇచ్చి తీసుకుందని ఊరంతా ఏడ్చింది. ఆ తరువాత రాణికి మళ్లీ కడుపు పండలేదు. ఇరవై ఏళ్లకు రాజు కూడా కన్నుమూశాడు. గద్దె ఖాళీ అయింది.

ఆ రాజ్యంలో గద్దె ఖాళీ అయితే కొత్త రాజును వెతికిపెట్టే పని పట్టపుటేనుగుది. దాని పేరు సింగారి. ఆ రోజు సింగారిని మీరు చూడాలి. చంద్రవంక నదిలో మూడు మునకలు వేయించి, నొసట సిందూరంతో పద్మం దిద్ది, వెండి మువ్వలు కుట్టిన పట్టుకుచ్చులు చెవుల పక్కన వేలాడదీసి, వీపు మీద నెమలికంఠం రంగు జరీ దుప్పటి పరిచి, తొండానికి నూటెనిమిది సంపెంగల దండ అందిస్తే, మేళగాళ్లు ఊదడం మరిచి దాన్నే చూస్తూ నిలబడిపోయారు. అది ఎవరి మెడలో దండ వేస్తే వాడే రాజు. కుంభేశ్వరి అమ్మవారి చిత్తం ఆ తొండంలోంచి పలుకుతుందని అక్కడి నమ్మకం. అందులో మనిషి ప్రమేయం ఉండకూడదని, మెడ మీద కూర్చున్న మావటికి కళ్లకు పసుపుగుడ్డ కడతారు, చేతులు వెనక్కి విరిచి కడతారు, అంకుశం తీసుకుపోయి బొక్కసంలో పెట్టి తాళం వేస్తారు.

కాళ్లు మాత్రం కట్టరు. ఏనుగును నడిపేది అంకుశమని ఊరివాళ్ల భ్రమ. అంకుశం బెదిరించడానికి. నడిపేవి మావటి కాలి బొటనవేళ్లు, ఏనుగు చెవుల వెనక మెత్తని చోట. ఎటు తిరగాలో, తొండం ఎప్పుడెత్తాలో, కాలు ఎప్పుడు దించాలో అన్నీ ఆ వేళ్లతోనే చెబుతారు. ఈ సంగతి మావటి కొంపల గడప దాటి బయటికి రాదు. అందుకే వాళ్లలో ఒక ఒట్టు ఉంది. రాజును వెతికే రోజు మావటి కాలివేళ్లు లోపలికి ముడుచుకొని కూర్చోవాలి. మాచన తాత అలా పొద్దంతా ముడుచుకొని కూర్చుని, దిగాక రెండు రోజులు కుంటాడట.

మాచన కూడా ముడుచుకొనే బయలుదేరాడు. కాని అంతకు మూడు నెలల ముందు ఒకటి జరిగి ఉంది. తల్లిలేని పిల్ల, పదహారేళ్ల కూతురు పైడి, నదికి నీళ్లకు పోయినప్పుడు ఎక్కడిదో వరద విరుచుకుపడి పిల్లను లాక్కుపోయింది. గొంతు బొంగురుపోయిన పడవవాడొకడు దూకి, సుడుల్లోంచి పిల్లను ఒడ్డుకు చేర్చాడు. ఏమిచ్చినా పుచ్చుకోలేదు. మాచన వాడి కాళ్లకు మొక్కాడు.

ఇక రాజును వెతికే ఆ పొద్దు, కళ్లకు గంత ఉండగా, జనంలోంచి ఆ బొంగురు గొంతు అమ్మవారికి జై కొట్టడం మాచన చెవిన పడింది. ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం వరదలో దూకినవాడికంటే మంచి రాజు ఎవడు దొరుకుతాడు అనుకున్నాడు. ముడుచుకున్న ఎడమవేలు విచ్చుకుంది. అంతే. ఈగను తోలినపాటి కదలిక. సింగారి అటు తిరిగి, వెళ్లి, పడవవాడి మెడలో దండ వేసింది.

ఆ పడవవాడు పడవవాడు కాదు. కొండదారుల్లో బాటసారుల గొంతులు కోసిన రణకేతుడనే దొంగ. వాడికి గురువు ధూమకేశుడనే మాంత్రికుడు. వరద ఆ మాంత్రికుడు పుట్టించిందే. గబ్బిలంగా మారి మావటి ఇంటి చూరుకు వేలాడి వేళ్ల రహస్యం విన్నదీ వాడే. పట్టాభిషేకం అయిన మూడో నాడు పైడిని గోరువంక పిట్టగా మార్చి, బంగారు రేకు తొడిగిన వెదురు పంజరంలో పెట్టి, రాజు కూర్చునే మేడకు వేలాడదీశారు. పంజరం బయట బంగారం, లోపల వెదురు. రాజూ అంతే.

రాజును ఎంచిన ఏనుగే దోషిని కూడా ఎంచుతుందని ధూమకేశుడు చాటింపు వేయించాడు. రాజుకు గిట్టనివాళ్లను నది ఒడ్డున నల్లరాతి మీద పడుకోబెట్టేవాళ్లు. మళ్లీ అదే పసుపుగుడ్డ, అవే కట్లు. అమ్మవారికి ఇష్టమైతే ఏనుగు వదిలేస్తుంది, లేకపోతే తొక్కుతుంది. అది ఒక్కసారీ వదల్లేదు. ఏడు నెలల్లో ఆరుగురు. నేతపని లింగన్న వాళ్లలో ఒకడు. రాజు తలపాగాకు నేసిన గుడ్డలో ఒక పోగు తప్పిందన్నదే అతని నేరం. తీర్పు అయిన ప్రతిసారీ మాచనను మేడ కిందికి పిలిచి, పిట్టను ఒక్క గడియ చూడనిచ్చేవాళ్లు. దానికి మనిషి మాటల్లో ఒక్కటే మిగిలింది. అయ్యా అని పిలిచేది. మాచన అంతా రాత అని గొణుక్కుంటూ తిరిగివచ్చేవాడు.

ఇప్పుడు ఏడోది సోమక్క.

సోమక్క మంత్రసాని. డెబ్బై దాటిన మనిషి. కుంభగిరిలో సగంమందికి బొడ్డు కోసింది ఆమే. మొన్న సంతరోజున రచ్చబండ ఎక్కి, ముసలిరాజు కొడుకు దైవనిర్ణయంవల్ల పోలేదు, నావల్ల పోయాడు అని అందరి ముందూ చెప్పింది. రణకేతుణ్ణి తేవడానికే దైవం ఆ పసివాణ్ణి తీసుకుందని ధూమకేశుడు ఊరూరా పురాణం చెప్పిస్తున్నాడు. మధ్యలో ఈ ముసలమ్మ తన పేరు చెప్పుకుంటే పురాణం ఏం కావాలి? దైవం చేసినపనిని తన చేతికి ఆపాదించుకుందని నేరం మోపి, ఆమె బొడ్డుకోసే కత్తినే తాడుకు కట్టి ఆమె మెడలో వేలాడదీశారు. ఏ పనిముట్టుతో నేరం జరిగిందో అది మెడలో వేయడం అక్కడి ఆచారం.

ఇంకో ఆచారం కూడా ఉంది. చావబోయేవాళ్లు పొద్దున ఏనుగుకు తమ చేత్తో ఒక రాగిముద్ద పెట్టాలి. ఏనుగుకు వాళ్లమీద పగ లేదని దానికి అర్థం. ఆరుగురూ ఆ ముద్దను ఏనుగు ముందు పడేసి వెనక్కి జరిగారు. సోమక్క మాత్రం ముద్దలో బెల్లం వేయలేదేమని వంటవాణ్ణి మందలించింది. బెల్లం తెప్పించింది. తానే పిసికి, ఊది, సింగారి నోట్లో పెట్టింది. అది ఆమె అరచేయి తొండంతో తడిమి తడిమి చూసుకుంది. కాపలావాళ్లు నవ్వుకొని గుమ్మం దగ్గరికి పోయారు.

ఆమె మాచన పక్కన గడ్డిమీద చతికిలబడింది. వాడి ముఖం చూడలేదు. వాడి కాళ్లు చూసింది.

"నీ బొడ్డు కోసింది కూడా నేనే మాచిగా. అప్పుడు నీ బొటనవేళ్లు చింతగింజలంత ఉన్నాయి. ఇప్పుడు చూడు, కాయలు కాసి గుర్రపు డెక్కల్లా తయారైనాయి. కూర్చుని తినేవాడి వేళ్లకు కాయలు కాయవు కదా."

మాచన నెమ్మదిగా కాళ్లు గడ్డిలోకి దాచుకున్నాడు. తెలుసా అని అడిగాడు. నువ్వు పుట్టినప్పటినుంచీ తెలుసు అంది. మావటి ఇళ్లలో పురుళ్లకు పోయేదాన్ని, పురిటినొప్పుల్లో ఆడవాళ్లు ఏ రహస్యమూ దాచుకోరు అంది. చెప్పుకొని నవ్వింది కూడా. తరువాత నవ్వు ఆపి తన కథ చెప్పింది.

బొడ్డు కోసే కత్తిని నిప్పుల్లో మూడుసార్లు ఎర్రగా కాల్చాలని ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. ఎందుకో వాళ్లమ్మకూ తెలియదు, కాల్చాలంతే. రాజుగారి బిడ్డ పుట్టిన రోజు జోరువాన. నిప్పు రాజుకోలేదు. అవతల కుమ్మరివీధిలో ఇంకో పురుడు, మనిషి వచ్చి తొందరపెడుతున్నాడు. ఈ ఒక్కసారికి ఏమవుతుందిలే అని కత్తి చీరకొంగుకు తుడిచి కోసేసింది. తొమ్మిదోనాడు బిడ్డ పోయాడు. ఆ రోజు రాణి ఈమె చేతులే పట్టుకొని, నువ్వేం చేస్తావు సోమక్కా, మా రాత, అని ఓదార్చింది. ఈమె తల ఊపింది. ఇరవై ఏళ్లు ఊపుతూనే ఉంది.

మాచన లోపల ఎన్నాళ్లుగానో పెట్టుకున్నది అడిగాడు.

"అవ్వా, కత్తి కాల్చకుండా చేసిన వాన అమ్మవారిదే కదా. నా వేలు కదిలించిందీ ఆ తల్లే అయితే?"

"అయితే కానీ. అమ్మవారు ఏం తలచిందో నాకు తెలియదు బిడ్డా. పైకి పోయాక అడుగుతాను. కత్తి కాల్చలేదన్నది మాత్రం నాకు తెలుసు."

నేను ఏం చేయను అన్నాడు మాచన. పిట్ట గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ గడ్డిపోచలన్నీ పీకి పోగుపెట్టాడు. సోమక్క వాడి తల మీద చెయ్యి వేసింది.

"నొక్కితే నొక్కు. నేను నిన్ను తిట్టను, నీకు బిడ్డ ఉంది. నా ప్రాణం ఎంత, ఇవాళో రేపో పోయేదే. కాని నొక్కాక రాత అనకు. అమ్మవారి పేరు చెప్పకు. నేనే నొక్కాను అను. నేను అడిగేది అదొక్కటే."

ఇంతలో భేరి మోగింది.

చంద్రవంక ఒడ్డున ఇసుక వెన్నలా మెరుస్తున్నది. ఒకవైపు నది, నీలం పట్టుచీర ఆరేసినట్టు. ఇంకోవైపు కోటగోడ, దాని మీద నదిలోకి వంగినట్టున్న ఏడంతస్తుల మేడ. మేడ నిండా పగడాల తోరణాలు, పావురాల గూళ్లు. పై అంతస్తులో రణకేతుడు, వాడి పక్కన పొగరంగు జడలు మోకాళ్లదాకా వేలాడే ధూమకేశుడు, ఇద్దరి మధ్యా గాలికి ఊగుతున్న పంజరం. కింద ఊరంతా ఉంది. ఎవరూ పిల్లలను తీసుకురాలేదు.

మాచన కళ్లకు గంత కట్టారు. చేతులు కట్టారు. సింగారి మోకాళ్లు వంచి వాణ్ణి మెడ మీదికి ఎక్కించుకుంది. సోమక్క నల్లరాతి మీద తనంతట తానే పోయి పడుకుంది. తలకింద ఎత్తుగా ఏమైనా పెట్టమని భటుణ్ణి అడిగితే వాడు తన తలగుడ్డ తీసి పెట్టాడు. పెట్టి, పక్కకు పోయి కళ్లు తుడుచుకున్నాడు. వాడు పుట్టినప్పుడూ ఆమే ఉంది కదా.

ధూమకేశుడు పైనుంచి నేరం చదివాడు. దైవం ముందుగానే అన్నీ నిర్ణయించిందన్నాడు, మనుషులందరూ ఆ చేతిలో బొమ్మలన్నాడు, బొమ్మ లేచి నేను చేశానంటే అంతకుమించిన పొగరు లేదన్నాడు. చివర, అమ్మవారి తీర్పు కానీ అన్నాడు. రణకేతుడు పంజరాన్ని వేలితో ఒక్కసారి తట్టాడు. పిట్ట అయ్యా అంది.

మాచన బొటనవేళ్లు చెవుల వెనక మెత్తని చోటికి చేరాయి. సింగారి నడిచింది. పది అడుగులు. ఇరవై. తొండానికి బెల్లం వాసన తగిలింది కాబోలు, అడుగు తేలికైంది. రాతి దగ్గర ఆగింది. ఇక మూడుసార్లు నొక్కితే కాలెత్తుతుంది.

మాచన రెండు కాళ్లూ పైకెత్తాడు. ఎత్తి, ఏనుగు కుంభస్థలం మీదికి చాచి పెట్టాడు. అందరికీ కనబడేట్టు, అరికాళ్లు ఎదురుగా.

సింగారికి ఏమీ అర్థం కాలేదు. ముప్పై ఏళ్లలో దాని చెవుల వెనక వేళ్లు లేని గడియ లేదు, ఎక్కినవాడు తాతైనా తండ్రైనా మనవడైనా. అది తొండం పైకి చాచి మాచన పాదం వెతుక్కుంది. దొరికింది. మెల్లగా పట్టుకొని తెచ్చి, తన చెవి వెనక తానే పెట్టుకుంది. మాచన మళ్లీ కాలు తీశాడు. అది మళ్లీ తెచ్చి పెట్టుకుంది. మూడోసారి వాడు వంగి, దాని తలకు చెంప ఆనించి, ఇక నీ ఇష్టం తల్లీ అన్నాడు. అప్పుడు అది కాసేపు ఊరికే నిలబడింది. చెవులు ఆడించింది. తరువాత సోమక్క అరచేయి వాసన చూసి, ఆమెను నడుము దగ్గర పట్టి ఎత్తి, జాగ్రత్తగా తీసుకుపోయి మాచన వెనక తన వీపు మీద కూర్చోబెట్టుకుంది.

మాచన గంత కట్టిన ముఖం ఎటు తిప్పాలో తెలియక ఎదటికే పెట్టి, ఏనుగును వేళ్లతో నడుపుతామన్న సంగతి చెప్పాడు. రణకేతుడి మెడలో దండ వేయించింది నా ఎడమవేలే అన్నాడు. ఆ ఆరుగుర్నీ తొక్కించింది నేనే అన్నాడు. పేర్లు ఒక్కొక్కటీ చెప్పాడు.

జనంలోంచి ఒక ఆడమనిషి ముందుకు వచ్చింది. నేతపని లింగన్న పెళ్లాం ఎర్రమ్మ.

"అయితే మా ఆయన్ను తొక్కింది అమ్మవారు కాదా?"

"కాదమ్మా. నేను."

"మూడు నెలలుగా ఆ తల్లి గుడిమెట్లు కడుగుతున్నాను నేను. ఆయన చేసిన పాపమేమిటో నాకు తెలియకపోయినా, దాన్ని మన్నించమని."

మాచన గంత కట్టిన తల ఆమె గొంతు వైపు వంచాడు.

అప్పటికి మేడ మీద తెలివి తెచ్చుకున్నారు. రణకేతుడు విల్లులెత్తమన్నాడు. భటుల్లో సగంమంది ఎత్తారు, సగంమంది సోమక్కను చూసి దించారు. ఎత్తినవాళ్లు చాలు. బాణాలు వడగళ్లలా కురిశాయి. ధూమకేశుడు గుప్పెడు బూడిద విసిరితే ఇసుకలోంచి నిలువెత్తు ముళ్లకంప లేచి ఏనుగు చుట్టూ దడి కట్టింది. మాచన వేళ్లు మళ్లీ చెవుల వెనకకు పోయాయి. సింగారి తొండం చుట్టి నోట్లో పెట్టుకొని, తల వంచి, మట్టిగోడను తోసినట్టు ముళ్లను తోసుకుపోయింది. జరీ దుప్పటి ముళ్లకు చీలికలై వేలాడింది. ఇంకో గుప్పెడు విసిరితే కంపకు నిప్పంటుకుంది. పక్కనుంచి ఎవడో గురి చూసి ఈటె విసిరితే అది సింగారి డొక్కలో దిగి నిలిచింది. ఏనుగు ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు మేడ మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచి, కాసేపు సూర్యుడు కనబడలేదు.

ఆ సందడిలో సోమక్క వెనకనుంచి మాచన చేతికట్లు తడుముతున్నది. మెడలో వేలాడే కత్తి పట్టి తాడు కోసింది.

"ఇవాళ కూడా కాల్చలేదు. చేతికి పుండు పడితే నన్నే అను."

మాచన గంత లాగి పారేశాడు. వాడు మొదట చూసింది మేడ. రణకేతుడు పంజరం పట్టుకొని ఉన్నాడు. నీ దేవత బతికిస్తుందేమో చూసుకోరా మావటీ అని వెటకారంగా అరిచి, గిరగిరా తిప్పి, నదిలోకి విసిరాడు. బంగారు రేకు తళుక్కుమంది. పంజరం నీళ్లలో మునిగింది, తేలింది. వెదురు కదా. ప్రవాహం దాన్ని పట్టుకొని తూర్పుకు తీసుకుపోయింది.

తూర్పున ఏముందో కుంభగిరిలో అందరికీ తెలుసు. చంద్రవంక అక్కడ నీలికొండ కింద ఒక గుహలో దూరుతుంది. దానిపేరు మింగుడుబిలం. లోపల ఏముందో ఎవరికీ తెలియదు, పోయిన పడవలేవీ తిరిగి రాలేదు కాబట్టి. ధూమకేశుడు అమావాస్యకు అమావాస్యకు అందులోకి దీపం వదులుతాడని, లోపలినుంచి ఎవరో ఆ దీపం ఆర్పుతారని జాలర్లు చెప్పుకొనేవాళ్లు.

సింగారి నీళ్లలో పడింది. ఈదింది. ఎరుపు దాని వెంట పొగలా పరుచుకుంటూ వచ్చింది. కొంతదూరం పోయాక మాచన, అవ్వా గట్టిగా పట్టుకో, అని వెనక్కి తిరిగి చూశాడు. సోమక్క కొంగు భుజం మీదుగా నిండుగా కప్పుకొని ఉంది. ఎండవేళ అంత నిండుగా ఎందుకు కప్పుకుందా అని కొంగు తొలగించాడు. వీపులో రెండు బాణాలు. వాడి వెనక కూర్చుంది కదా. వాడికి తగలవలసినవి.

బిలానికి ముందు నది మధ్యలో ఒక ఇసుకతిన్నె ఉంది. అక్కడ దించమంది. నా బరువు తగ్గితే ఏనుగుకు తేలిక అంది. మాచన నా వల్ల కాదన్నాడు. నావల్లే నీకు ఇది అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది.

"ఇది నేను కోరి కూర్చున్న చోటు. దీన్ని నువ్వు తీసుకోకు, దేవుడి మీదా వేయకు. నాకు ఇరవై ఏళ్ల తరువాత నాదని చెప్పుకొనే మంచిపని ఇదొక్కటే దొరికింది."

దించాడు. ఆమె కాళ్లు నీళ్లలో పెట్టుకొని కూర్చుంది. కత్తి మెడలోంచి తీసి వాడికిచ్చింది. వెదురు కోయడానికి పనికొస్తుంది, ముందు కాల్చుకో అంది.

ఊరివైపు ఒడ్డునుంచి ఎవరో మోకాళ్ల లోతు నీళ్లలో పడుతూ లేస్తూ తిన్నె వైపు వస్తున్నారు. మాచన గుర్తుపట్టాడు. ఎర్రమ్మ. ఇసుకమైదానం నుంచి ఒడ్డువెంబడి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె చేతిలో రాయి ఉంది. మాచన కదల్లేదు, విసరమన్నట్టు కూర్చున్నాడు. ఆమె తిన్నె ఎక్కి, వాణ్ణి చూసి, ముసలమ్మను చూసి, చేతిలోది ఎప్పుడు జారిందో ఆమెకే తెలియకుండా జారవిడిచింది. కూర్చుని సోమక్క తల ఒడిలో పెట్టుకుంది. ఎర్రమ్మ ఇద్దరు బిడ్డలూ ఆ చేతుల్లోకే పుట్టారు మరి. నదినీళ్లు దోసిట పట్టి తాగించింది. రెండు గుక్కలు లోపలికి పోయాయి. మూడోది పెదవి పక్కనుంచి కారిపోయింది.

ఎర్రమ్మ ఆ కళ్లు మూసింది. తరువాత తలెత్తింది.

"నువ్వు బతికి తిరిగి రా మాచనా. నీతో నాకు పనుంది."

ఆ పని మన్నించడమో, ఊరిముందు నిలబెట్టడమో, ఇంకేదో ఆమె చెప్పలేదు. మాచన అడగలేదు. వస్తాను అన్నాడు.

బిలం నోరు ఎదురుగా ఉంది. పైన పాచిపట్టిన రాళ్లు కోరల్లా వేలాడుతున్నాయి, లోపలినుంచి చల్లటిగాలి, ఎన్నాళ్లదో దీపపు వత్తి కమురు వాసన. బంగారు రేకు ఒక్కసారి మెరిసి చీకట్లో కలిసింది. ఆ చీకట్లోంచి సన్నగా వినబడింది, అయ్యా.

సింగారి ఆగిపోయింది. డొక్కలో ఈటె ఊపిరి ఊపిరికీ ఊగుతున్నది. పీకితే రక్తమంతా పోతుంది, పీకకపోతే ఈదలేదు. వదిలేస్తే అది ఒడ్డుకే పోతుంది, ఏ ప్రాణైనా అంతే చేస్తుంది. తీసుకుపోతే తిరిగి తెస్తానని వాడు చెప్పలేడు. ఇందాక దాని ఇష్టానికి వదిలినవాడే, ఇప్పుడు దాని ప్రాణం అడగాలి. అడిగితే అది కాదనదు. అదే వాడికి కష్టం.

మాచన దాని చెవి పైకెత్తి ముద్దు పెట్టుకున్నాడు. మెడలో కత్తి తగిలించుకున్నాడు. రెండు బొటనవేళ్లూ ఆ మెత్తని చోట ఆనించాడు.

"సింగారీ, ఇది రాత కాదు. ఎవరి చిత్తమూ కాదు. నొక్కుతున్నది నేను."

నొక్కాడు. ఏనుగు ఊపిరి పీల్చుకొని, తొండం నీళ్లపైకి ఎత్తి, చీకట్లోకి అడుగుపెట్టింది. తిన్నె మీద ఎర్రమ్మ ఒడిలోని తలను కదలనీయకుండా అలాగే కూర్చుంది. కాసేపటికి లోపల దూరంగా ఏదో వెలుగు ఒకటి పుట్టింది, పుట్టి కదిలింది, జాలర్లు చెప్పినట్టే ఎవరో ఊదినట్టు ఆరిపోయింది.